ఆల్ఫాయా? లాంచియాయా?

మంచి వస్తువునకును చెడ్డ వస్తువునకును నడుమ నొకదానిని ఎన్నుకొనుట కష్టము కాదు. కన్నులున్నవాడెవ్వడైనను ఆ పని చేయగలడు. రెండును మంచివై, రెండును వేఱువేఱు గుణములు కలవై, చేతిలోని సొమ్ము ఒక్కదానికి మాత్రమే చాలినప్పుడు మనుష్యుని వివేకమునకు నిజమైన పరీక్ష కలుగుచున్నది. అట్టి పరీక్ష 2023వ సంవత్సరపు వేసవి సెలవులలో ఇటలీదేశమునందలి టూరిన్ నగరమున మా మేనల్లునికిని అతని భార్యకును కలిగినది. అప్పుడు వారి యింట అతిథులమై యుండిన మమ్ము వారు మధ్యవర్తిగా కూర్చుండబెట్టిరి. ఎన్నుకొనవలసినవి రెండు పాత కారులు. కారులకును గృహధర్మమునకును సంబంధమేమి యని చదువరులు శంకింపవచ్చును. కడవఱకు ఓపికతో చదివినచో ఆ శంక తీరునని మా నమ్మకము.

మా మేనల్లుడు టూరిన్‌లో ఇంజనీరు. అతని భార్యయు అక్కడనే యుద్యోగము చేయుచున్నది. వారికి నాలుగేండ్ల పాప కలదు. ఇరువురును ఎనిమిదేండ్లు కూడబెట్టిన ధనములో ఇంటికిని పాప చదువునకును వలయునది వేఱుచేయగా కొంత మొత్తము మిగిలినది. దానితో ఒక పాత ఇటాలియను స్పోర్ట్సు కారు కొనవలెనని కోరిక పుట్టినది. ఉన్నదున్నట్లు చెప్పవలెనన్న, కోరిక మేనల్లునిది. ఆమెది అంగీకారము మాత్రమే.

ఈ వార్త రాజమహేంద్రవరములోనున్న మా అక్కగారికి తెలియగానే ఆమె మాకు టెలిఫోను చేసెను. "అరవై యేళ్ల పాత ఇనుముకు అంత డబ్బేమిటిరా తమ్ముడూ? ఆ డబ్బుతో బంగారం కొంటే రేపు పాపకు పనికొస్తుంది కదా! నువ్వైనా చెప్పు వాడికి" అని యామె వాదము. ఈ వాదమును నవ్వి త్రోసివేయుటకు వీలులేదు. మధ్యతరగతి కుటుంబములలో ఆదా యనునది తల్లుల తపస్సు. కాని బంగారము పెట్టెలో నిదురించును. ఇంటివారికి దానివలన ధైర్యము కలుగునే కాని విద్య కలుగదు. వీణ కొన్నవారిని మనము దుబారా మనుష్యులని యనము. అయితే ఆ వీణ మీటబడవలెను. గుడ్డకప్పి మూలనుంచిన వీణ కూడ పాతకఱ్ఱయే. అప్పు చేయక, దంపతులిరువురును ఒప్పుకొని, వాడుటకును బాగుచేసికొనుటకును ఒక యంత్రమును కొన్నచో అది తప్పు కాదని మేము అక్కగారికి మనవి చేసితిమి. ఆమె పూర్తిగా సమాధానపడలేదు.

మన తెలుగునాట మా తరమువారికి ఇటలీ కారనగా ఫియట్టు కారే. బొంబాయిలోని ప్రీమియరు కంపెనీవారు ఫియట్ 1100 నమూనాను మన దేశమున తయారుచేయుచు, కాలక్రమమున దానికి ప్రీమియర్ పద్మిని యని పేరిడిరి. మా బాల్యమున డాక్టరుగారి యింటిముందును, పెండ్లివారి విడిదియొద్దను కనబడిన ఆ చిన్నకారు బొంబాయి నగరమున టాక్సీగా 2023 వఱకు తిరిగినది. దాని పుట్టినిల్లు టూరిన్. కాని ఇటలీదేశములో ఫియట్టు సామాన్యుల గడప. ఆల్ఫా రోమియో, లాంచియా యనునవి వేఱు గడపలు. వాని గోత్రములు వేఱు, ఆచారములు వేఱు.

ఆల్ఫా సంస్థ 1910లో మిలాన్ నగరమున పుట్టినది. ఆ పేరు గ్రీకు వర్ణమాలనుండి వచ్చినది కాదు. లొంబార్డీ మోటారుకారుల కర్మాగారపు కంపెనీ యను అర్థమిచ్చు ఇటాలియను మాటల మొదటి అక్షరముల కూర్పు. 1915లో నికోలా రోమియో దానిని చేపట్టగా, తరువాత అతని పేరును చేరినది. 1933లో సంస్థ ప్రభుత్వము చేతిలోనికి పోయినది. పందెములలో దాని కీర్తి గొప్పది. 1950లో ఫార్ములా వన్ ప్రపంచపోటీ మొదలైనప్పుడు మొదటి యేడు ఫారీనాయు, రెండవయేడు ఫాంజియోయు ఆల్ఫా కారులతోనే గెలిచిరి. జగత్ప్రసిద్ధుడైన ఎంజో ఫెరారీ సైతము 1929లో తన జట్టును ఆల్ఫా కారులతోనే ఆరంభించెను.

మావారు చూచిన ఆల్ఫా 1965 నాటి జూలియా స్ప్రింట్ జీటీ. ఈ నమూనా 1963లో వెలువడినది. బెర్తోనె సంస్థలో పనిచేయుచుండిన జార్జెత్తో జుజారో దాని రూపమును గీచెను. గీచునాటికి అతనికి ఇరువదియైదేండ్లు నిండలేదు. దాని యింజనులో నాలుగు సిలిండర్లు ఒకే వరుసలో నిలిచియుండును. పరిమాణము 1,570 సీసీలు. బలము 106 అశ్వశక్తులు. బ్లాకును హెడ్డును అల్యూమినియముతో పోసినవి, పైన రెండు కామ్‌షాఫ్టులు, గేర్లు ఐదు, నాలుగు చక్రములకును డిస్కు బ్రేకులు. ఇంజను ముందుండి వెనుక చక్రములను త్రిప్పును. ఇందులో ఏ యొక్క యేర్పాటును లోకమునకు క్రొత్తది కాదు. అన్నిటిని ఒక్కచోట చేర్చి, అంత చక్కగా సానపట్టి, మధ్యమపు వెలకు అమ్ముటయే ఆల్ఫావారి ఘనత.

లాంచియా కథ వేఱు. ఫియట్టువారి పందెపు కారులను నడిపిన వించెంజో లాంచియా 1906లో టూరిన్‌లో స్వంత సంస్థను స్థాపించెను. 1922లో అతడు లోకమునకు చూపిన లాంబ్డా యను కారు ఒక విప్లవము. అంతవఱకు కారనగా మన యెడ్లబండివలె క్రింద నొక చట్రము, పైన నొక తొట్టి. లాంబ్డాలో తొట్టియే బరువు మోయును. ముందు చక్రములు రెండును దేని కది విడిగా స్ప్రింగులమీద ఆడును. 1937లో లాంచియా మరణించినను ఆ గృహమున ఈ యాచారము పోలేదు. 1950 నాటి ఆరేలియా కారులో వీ ఆకారమున అమర్చిన ఆరు సిలిండర్ల యింజను వచ్చినది. అట్టి యింజనుతో వరుసగా తయారయి అమ్మకమునకు వచ్చిన కారులలో అదియే మొదటిది.

మావారు చూచిన లాంచియా 1968 నాటి ఫుల్వియా కూపే. ఫుల్వియా యనునది ప్రాచీన రోమనుల రాజమార్గములలో నొకదాని పేరు. ఆ మార్గము టూరిన్ చేరుచుండెను. కూపే 1965లో వెలువడినది. రూపకర్త పియెరో కాస్తాన్యేరో. యంత్రరచనకు పెద్ద అంతోనియో ఫెస్సియా. దీని యింజను ముందు చక్రములనే త్రిప్పును. సిలిండర్లు నాలుగే, కాని రెండేసి చొప్పున రెండు వరుసలుగా, కొంచెము విప్పిన దోసిలివలె, సుమారు పదమూడు డిగ్రీల కోణమున అమర్పబడినవి. కోణము అంత సన్నమగుటచే రెండు వరుసలకును ఒక్కటే హెడ్డు చాలును. ఇంజను మొత్తమును ఒక ప్రక్కకు నలువదియైదు డిగ్రీలు వాల్చియుంచిరి. అందువలన ముందుభాగము పల్లముగా నుండును. పరిమాణము 1,298 సీసీలు, బలము సుమారు 90 అశ్వశక్తులు, గేర్లు నాలుగు.

సంస్కృత పాఠశాలలలో చదివిన మాకు ఈ రెంటి భేదము చూడగానే వ్యాఖ్యాతయు సూత్రకారుడును జ్ఞాపకమునకు వచ్చిరి. వ్యాఖ్యాత పూర్వులు చెప్పినదానినే మఱింత వెలుగులోనికి తెచ్చును. చదివినవారికి అంతయు సులభముగా తోచును. సూత్రకారుడు తనదైన మార్గమును కల్పించును. అలవాటుపడువఱకు అది వింతగా నుండును. ఆల్ఫా వ్యాఖ్యానము, లాంచియా సూత్రగ్రంథము.

గ్రంథమును వెలనుబట్టి కాక చదివి యెఱుగవలెను గదా! లాంచియాను దాని యజమాని, ఒక వృద్ధుడు, టూరిన్‌కు తెచ్చి, పో నది యావల సుపెర్గా కొండకు పోవు వంకర దారిలో మమ్ము త్రిప్పెను. కొంతదూరము పోయిన పిదప స్టీరింగు మా మేనల్లుని భార్య చేతికిచ్చెను. ఆ కారు స్తంభములు సన్నము, అద్దములు పెద్దవి. లోపల కూర్చున్నవారికి వరండాలో కూర్చున్నట్లుండును. ముందుభాగము బరువు గనుక మలుపులో వేగముగా పోయినచో ముక్కు వెలుపలికి జాఱజూచును. "తొందరపడకమ్మా, ముందు నెమ్మదించి, తరువాత లాగించు" అని ఆ వృద్ధుడు సైగలతో చెప్పుచుండెను. నాలుగవ మలుపునకు ఆమెకు కిటుకు తెలిసినది. కొండపైన ఆగి దిగినప్పుడు ఆమె ముఖమున, కఠినమైన లెక్కను ఎవరి సాయములేక చేసిన విద్యార్థిని ముఖమునందు మేము చూచు వెలుగు కనబడినది.

తరువాతి యాదివారము రైలులో మిలాన్ పోయి ఆల్ఫాను చూచితిమి. ఎఱ్ఱని రంగు, చూచినవారు నిలిచి చూచెడి యందము. మేనల్లుడు నడిపెను. ఇంజను వేగము హెచ్చినకొలదియు దాని స్వరము హెచ్చి, ఒక స్థాయిలో గమకమువలె తిరిగినది. "మామయ్యా, విన్నారా?" అని యతడు చిన్నపిల్లవానివలె అడిగెను. వింటిమి. విననివాడు చెవిటివాడు. మలుపులలో ఆ కారు ముందుగాని వెనుకగాని మొగ్గక, అడిగినంత తిరిగినది. తిరిగివచ్చు రైలులో మేనల్లుడు మాటాడలేదు. ఆ యజమానికి అతడు సొమ్మియ్యలేదు గాని, కొందునని మాట యిచ్చినంత పని చేసెను. భార్య నడుగలేదు. ఆమెయు మాటాడలేదు.

ఇట్టి సమయమున మావంటి పండితులకు ఒక సులభమైన ప్రలోభము కలుగును. కఠోపనిషత్తు శ్రేయస్సు వేఱు, ప్రేయస్సు వేఱని బోధించినది గదా. ఆల్ఫా ప్రేయస్సు, లాంచియా శ్రేయస్సు అని తీర్పుచెప్పి లేచిపోవచ్చును. కాని యది అసత్యము. ఆల్ఫా వట్టి విలాసము కాదు. ఆ యింజనే అదే పేరుగల నాలుగుతలుపుల కుటుంబపు కారును నడిపినది. లాంచియా వట్టి వైరాగ్యమును కాదు; 1972లో సాంద్రో మునారి, మారియో మన్నూచ్చి యనువారు మంచులో నడిపిన ఫుల్వియా, మోంటే కార్లో ర్యాలీలో తనకన్న బలమైన కారులను వెనుకవేసి గెలిచినది. రెంటిలోను సుఖమున్నది, రెంటిలోను శ్రమ యున్నది. వస్తువులమీద వేదాంతపు చీటీలు అంటించుట మన దేశమున పాత యలవాటు. దానివలన విచారణ ముగియునే గాని సత్యము తేలదు.

మఱియొక ప్రలోభము మావంటి సంస్కారపక్షపాతులది: క్రొత్త మార్గము త్రొక్కినవారినే మెచ్చుకొనుట. మా మనస్సు లాంచియావైపు మొగ్గినమాట నిజమే. కాని ఆ గృహచరిత్రలో చేదు పాఠమొకటి కలదు. లాంచియా ఇంజనీర్లు ఉత్తమమైనది చేయవలెనని యెంచిరే గాని, చేయుటకెంత యగుచున్నదని తగినంత లెక్క చూడలేదు. మఱియొకరు నాలుగు ముక్కలతో చేయు పనికి వీరు పది ముక్కలు నునుపుగా చెక్కి చేయుచుండిరి. కొన్నవారికి తృప్తి, సంస్థకు అప్పు. 1969లో ఫియట్టువారు అప్పులభారముతో సహా ఆ సంస్థను నామమాత్రపు వెలకు తీసికొనిరి. సదుద్దేశముతో మొదలై, లెక్కలు చూడక మూతపడిన పత్రికలును పాఠశాలలును మన తెలుగునాట ఎన్ని లేవు! ఆశయము గొప్పదైనంత మాత్రమున అంగడివాడు కాగితము ఊరక యియ్యడు. వివేకమునకు వచ్చిన ప్రభుత్వపు అండగల ఆల్ఫాయు దీనికి పూర్తిగా అతీతము కాదు. 1986లో అదియు ఫియట్టు గడపనే చేరినది.

కనుక మూడవనాటి రాత్రి, పాప నిదురించిన పిదప, మేము తీర్పు చెప్పక ఒక కాగితము తెమ్మంటిమి. "మీ యింటి సొమ్ము ఇద్దరిది. ఒకరి కోరికకు రెండవవారి మౌనము సమ్మతి కాదు. ముందు లెక్క వ్రాయుడు" అంటిమి. మేనల్లుని భార్య రెండు గడులు గీచి వ్రాసెను.

ఆల్ఫా గడిలో: వెల లాంచియా వెలకు రెండింతలకు పైన, మిగిలిన సొమ్మంతయు సరిపోవును. విడిభాగములు సులభముగా దొరకును. తెలిసిన మెకానిక్కులు చాలమంది. అమ్మదలచిన కొనువారు సిద్ధము. లాంచియా గడిలో: సగము సొమ్ము మిగులును. కొన్ని విడిభాగములు వెదకవలెను. మెకానిక్కులు తక్కువ; కాని టూరిన్ దాని జన్మస్థలము గనుక చేయి తిరిగినవారు దొరకుదురు. తుప్పు రెంటికిని శత్రువే: ఆల్ఫాకు అడుగురేకులలోను తలుపులక్రింది పెట్టెలలోను, లాంచియాకు ఇంజనును మోయు ముందుచట్రము బాడీతో కలియుచోటను. రెంటిలోను గాలిసంచులు లేవు, నేటి కారుల రక్షణలు లేవు. ఆమె అడుగున నొక పంక్తి వ్రాసి క్రింద గీత గీచెను: "ఏది కొన్నా పాపను ఇందులో ఎక్కించము." ఈ యొక్క విషయమున ఇరువురికిని వివాదము లేదు.

మేనల్లుడు చివరి యస్త్రము తీసెను. "మామయ్యా, ఆల్ఫా వెల ఏటేటా పెరుగుతుంది. ఇది ఖర్చు కాదు, పెట్టుబడి."

"అట్లయిన మీ అమ్మ చెప్పిన బంగారమే మేలు నాయనా! దానికి తుప్పు లేదు, దానిని ఉంచుటకు షెడ్డక్కఱలేదు" అంటిమి. అతడు నవ్వెను గాని జవాబు చెప్పలేకపోయెను.

అప్పుడామె మెల్లగా ననెను: "మామయ్యగారూ, ఆల్ఫా మంచిది కాదని నేననను. నాకూ నచ్చింది. కానీ మా దగ్గరున్నదంతా దానిలో పెడితే, దాన్ని నడపడానికి నాకు భయం వేస్తుంది. ఒక గీత పడితే ఎనిమిదేళ్ల కష్టం మీద పడినట్టే. ఈయన కూడా నాలుగు రోజులు నడిపి, తర్వాత గుడ్డ కప్పుతారు. లాంచియా అయితే ఇద్దరం నడుపుతాం. చెడితే బాగుచేయించుకోవడానికి డబ్బుంటుంది."

మేము ఇరువదేండ్లుగా పాఠములు చెప్పుచున్నాము. ఇంతకన్న స్పష్టమైన వాదమును ఏ తర్కగ్రంథమునందును చూపజాలము. మన సర్వస్వమును మ్రింగిన వస్తువు మనకు వాహనము కాదు, విగ్రహమగును. దానిని మనము వాడము. అది మనచే కాపలా కాయించుకొనును. కట్నపు కారులు, ఇల్లు తాకట్టుపెట్టి కట్టిన మేడలు, పెండ్లినాడు తప్ప పెట్టె దాటని నగలు — ఇవన్నియు ఈ జాతివే. వస్తువు మంచిదగుట యొకటి. మన స్థితిలో మనకు మంచిదగుట మఱియొకటి.

అయినను మేము మేనల్లుని తొందరపెట్టలేదు. చౌక యని కొన్నదానిని, ప్రేమలేక కొన్నదానిని, మనుష్యుడు శ్రద్ధగా చూచుకొనడు. వలచినదానిని వదలుకొనుట కొంత దుఃఖమే. ఆ దుఃఖమును అవివేకమని హేళనచేయుట క్రౌర్యము. అతడు రెండు ఆదివారములు ఆ వృద్ధునియొద్దకు పోయి బోనెట్టు ఎత్తించి, వాలియున్న ఆ యింజనును, దాని రెండు కార్బురేటర్లను చూచి, వానిని సరిచేయుట నేర్చుకొనెను. మూడవ ఆదివారమున తనంతట తానే "లాంచియాయే తీసుకుందాం" అనెను. మిలాన్‌కు స్వయముగా పోయి ఆల్ఫా యజమానికి మాట తప్పుచున్నందుకు క్షమాపణ చెప్పి వచ్చెను. టెలిఫోనులో చెప్పినను సరిపోవును, కాని పోయెను. మాకు ఆ పని కారుకన్న నచ్చినది. ఆ యెఱ్ఱని కారును వారములోపుగనే మఱియొకరు కొనిరని తరువాత తెలిసినది.

2024 వసంతమున లాంచియా ముందుచట్రము కలియుచోట తుప్పు కనబడి వెల్డింగు పని పడినది. ఖర్చు తక్కువ కాదు. అయినను కేటాయించిన సొమ్ములోనుండియే చెల్లించిరి. అప్పు లేదు, గృహకలహము లేదు. ఆ బిల్లును మేనల్లుని భార్యయే మాకు పంపుచు, "ఆల్ఫా అయితే ఇది బ్యాంకువాళ్ల కారయ్యేది" అని క్రింద వ్రాసెను. ఆదివారపు ప్రొద్దున నొకవారము ఆమెయు, నొకవారము అతడును నడుపుచున్నారట. పాప అమ్మమ్మగారితో వీథిగుమ్మమున నిలిచి చేయి ఊపునట.

చదువరులారా, మీలో ననేకులకు ఇటలీ కారు కొను ప్రసక్తి రాకపోవచ్చును, మాకును రాదు. కాని ఇల్లు, వాయిద్యము, కుట్టుమిషను, పిల్లలకు కళాశాల — ఏదో యొక రూపమున రెండు మంచివాని నడుమ నిలుచు దినము అందఱికిని వచ్చును. అప్పుడు రెంటిలో నేది గొప్పదని లోకము నడుగవద్దు. లోకము కీర్తినిబట్టి జవాబు చెప్పును. దీనిని కొన్న పిదప మనచేత నేమి మిగులును? ఇంటిలో నెవరెవరు దీనిని నిర్భయముగా ముట్టుకొందురు? పదియవయేట దీని తుప్పు గోకువారెవరు? ఈ మూడు ప్రశ్నలకు ఇంటివారందఱును కూర్చుండి కాగితముమీద జవాబు వ్రాసినచో, నాలుగవ ప్రశ్న తనంతట తానే తీరును.